‘వై’ దాకా చదివేశాను, ‘జెడ్’ లేదు: సూ గ్రాఫ్టన్ పాఠకులు ఎవరైనా ఉన్నారా?

పల్నాటి_పిల్ల
శనివారం, రాత్రి 10:20

నిన్న అర్ధరాత్రి దాటాక ‘వై ఈజ్ ఫర్ ఎస్టర్‌డే’ అయిపోయింది. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాలుగేళ్ల కిందట ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ‘డి ఈజ్ ఫర్ డెడ్‌బీట్’ ముప్పై రూపాయలకు దొరికింది. అట్ట చిరిగిపోయి ఉంది, లోపల ఎవరిదో పాత బస్సు టికెట్. అది చదివి, వెనక్కెళ్లి ‘ఏ’ పట్టుకుని, అక్కణ్నుంచి వరసగా 25 పుస్తకాలు. ఇక లేవు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. సూ గ్రాఫ్టన్ 1940లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయివిల్‌లో పుట్టారు. 1982లో ‘ఏ ఈజ్ ఫర్ అలిబీ’తో మొదలుపెట్టి ఇంగ్లీషు అక్షరానికో డిటెక్టివ్ నవల చొప్పున రాస్తూ వచ్చారు. ‘వై’ 2017 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 28న కాన్సర్‌తో పోయారు. ఆఖరిదానికి ‘జెడ్ ఈజ్ ఫర్ జీరో’ అని పేరు కూడా అనుకుని ఉంచుకున్నారు. తన తర్వాత ఇంకెవరూ తన పేరు మీద రాయకూడదని ముందే చెప్పి ఉండటంతో, తమ కుటుంబం వరకు అక్షరమాల ‘వై’తోనే ముగిసిందని ఆవిడ కూతురు ప్రకటించారు.

నేను అడగాలనుకున్నది ఇదీ. ఇలా ఒక్క మెట్టు ముందు ఆగిపోవడం మీకు ఎలా అనిపిస్తోంది? సినిమాకీ టీవీకీ ఇవ్వొద్దని ఆవిడ జీవితమంతా చెబుతూ వస్తే, 2021లో ఇంటివాళ్లు టీవీ హక్కులు అమ్మేశారు కదా, దాని మీద మీ మాట ఏంటి?

కొత్త_పేజీ
శనివారం, రాత్రి 10:48

అక్కా, నేను ఈవిడ పేరే వినలేదు. ఇంగ్లీషులో డిటెక్టివ్ అంటే నాకు తెలిసింది పెర్రీ మేసన్, అగాథా క్రిస్టీ. ఈవిడవి ఆ టైపేనా? 25 పుస్తకాల్లోనూ ఒకే డిటెక్టివా?

పల్నాటి_పిల్ల
శనివారం, రాత్రి 11:15

ఒకే డిటెక్టివ్ తమ్ముడూ. పేరు కిన్సీ మిల్‌హోన్. ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. మొదటి పుస్తకం మొదటి పేరాలోనే తన గురించి తనే చెప్పేస్తుంది: వయసు 32, రెండుసార్లు విడాకులు, పిల్లల్లేరు, మొన్న ఒక మనిషిని చంపాను, అది మనసులో బరువుగా ఉంది అని. ఆ మాట చదివాక పుస్తకం కింద పెట్టలేం.

క్రిస్టీలో లాగా అందర్నీ హాల్లో కూర్చోబెట్టి హంతకుణ్ని చూపించడం ఉండదు. ఈమె తలుపులు కొడుతుంది, పాత రికార్డులు తిరగేస్తుంది, కారులో గంటలు గంటలు కూర్చుని కాపలా కాస్తుంది. తెలిసిన ప్రతి ముక్కా చిన్న కార్డుల మీద రాసి, వాటిని అటూ ఇటూ మార్చి చూసుకుంటుంది. జుట్టు గోళ్ల కత్తెరతో తనే కత్తిరించుకుంటుంది. పెళ్లికైనా చావుకైనా ఉన్నది ఒకటే నల్ల డ్రెస్. అద్దెకుండేది ఒకప్పటి కారు షెడ్డులో. ఇంటి ఓనర్ హెన్రీ, ఎనభై దాటిన రిటైర్డ్ బేకరీ మాస్టర్. సాయంత్రాలు ఆయన వంటింట్లో దాల్చినచెక్క వాసన మధ్య కూర్చుని ఆమె కేసు గురించి మాట్లాడే సీన్లు నాకు హత్యల కంటే ఎక్కువ గుర్తున్నాయి.

వరంగల్_వాణి
ఆదివారం, ఉదయం 7:05

ఇందులో ఒకటి చేర్చాలి. అమెరికాలో ప్రైవేట్ డిటెక్టివ్ కథ అంటే చాలాకాలం మగవాళ్ల సామ్రాజ్యం. ఆడది వస్తే శవమై రావాలి, లేదంటే హీరోని ముంచే అందగత్తెగా రావాలి. 1977లో మార్షా ముల్లర్ అనే రచయిత్రి, షారన్ మెకోన్ అనే ఆడ డిటెక్టివ్‌తో దారి తీసింది. 1982లో ఒకే ఏడాది గ్రాఫ్టన్ రాసిన కిన్సీ, సారా పారెట్‌స్కీ రాసిన వార్షాస్కీ ఇద్దరూ వచ్చారు. సొంతంగా బతుకుతూ, భయపడుతూనే పని పూర్తి చేసే ఆడ డిటెక్టివ్ అప్పుడు నిలబడింది. పారెట్‌స్కీ పూనికతో 1986లో మిస్టరీ రచయిత్రుల కోసం ‘సిస్టర్స్ ఇన్ క్రైమ్’ సంఘం కూడా పుట్టింది. పత్రికల్లో ఆడవాళ్ల పుస్తకాలకు సమీక్షలే రావడం లేదని వాళ్లు లెక్కలు తీసి మరీ చూపించారు. కిన్సీని చదివేటప్పుడు ఇదంతా వెనకాల ఉందని గుర్తుంటే ఆ పాత్ర విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

మొక్కల_మాస్టారు
ఆదివారం, ఉదయం 8:30

రిటైర్డ్ బోటనీ లెక్చరర్‌ని. ఈ రచయిత్రివి నేను చదివింది మొదటి పుస్తకం ఒక్కటే, అదీ అందులో గన్నేరు ఉందని మా అమ్మాయి చెబితే.

కథలో ఒక విడాకుల లాయర్ని విషంతో చంపుతారు. ఆ విషం ఓలియాండర్, అంటే మన గన్నేరు. అది కల్పనగా వచ్చిన ఆలోచన కాదు. గ్రాఫ్టన్ తన విడాకుల తర్వాత పిల్లల కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. రాత్రిళ్లు నిద్రపట్టక, మాజీ భర్తను గన్నేరుతో ఎలా చంపొచ్చా అని ఊహించుకునేవారట. చేస్తే దొరికిపోతానని తెలుసు కాబట్టి నవలగా రాశానని ఇంటర్వ్యూల్లో ఆవిడే దాచకుండా చెప్పారు.

మన పల్లెల్లో ‘గన్నేరు పప్పు’ అనగానే ఒళ్లు జలదరిస్తుంది కదా. చిన్న సవరణ: గన్నేరు పప్పు వచ్చేది పచ్చగన్నేరు నుంచి. కాలిఫోర్నియా రోడ్ల పక్కన వరసగా పెంచేది, ఈ నవలలో ఉన్నది ఎర్రగన్నేరు జాతి. రెండూ గుండె మీదే దెబ్బ తీస్తాయి. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్లు ఈ మొక్క దగ్గర జాగ్రత్తగా ఉండండి.

నిర్వాహకురాలు
ఆదివారం, ఉదయం 8:52

మాస్టారూ, ధన్యవాదాలు. అందరికీ ఒక మనవి: హంతకులు ఎవరో మాత్రం రాయకండి. ఇక్కడ ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఉన్నారు.

అచ్చుతప్పు
ఆదివారం, ఉదయం 11:40

పల్నాటి_పిల్ల గారూ, మీరు ‘ఒక్క మెట్టు ముందు ఆగిపోవడం’ అన్నారు. ఆవిడ ఇంట్లో అది రెండోసారి.

సూ తండ్రి సి. డబ్ల్యు. గ్రాఫ్టన్ మునిసిపల్ బాండ్ల లాయరు. ఆయనా డిటెక్టివ్ నవలలు రాశారు. 1943లో మొదటిది, పేరుకు అర్థం ‘ఎలుక తాడును కొరకడం మొదలెట్టింది’. 1944లో రెండోది, ‘తాడు కసాయిని ఉరితీయడం మొదలెట్టింది’. ఇవి ఇంగ్లీషులో ముసలమ్మ, మొండి పంది కథలోని వరసలు. కుక్క పందిని కరవదు, కర్ర కుక్కను కొట్టదు, నిప్పు కర్రను కాల్చదు అంటూ సాగుతుంది. మన ఏడు చేపల కథే అనుకోండి. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది... చీమ దాకా వెళ్లేది. ఆ పాటలో వరసగా అన్ని పేర్లూ పుస్తకాలుగా తేవాలని ఆయన ఆలోచన. రెండింటితోనే ఆగింది. ఇల్లు గడవడానికి వకాల్తానే నమ్ముకున్నారు.

ఆ ఇల్లు కూడా సుఖమైన ఇల్లు కాదు. తండ్రి యుద్ధానికి వెళ్లి, సూకి ఐదేళ్లప్పుడు తిరిగొచ్చారు. ఆ తర్వాత తల్లిదండ్రులిద్దరూ తాగుడికి బానిసలయ్యారు. పిల్లలు వాళ్లకు వాళ్లే పెరిగారు. 1960లో తల్లి ఆత్మహత్య చేసుకుంది. కిన్సీకి కూడా సరిగ్గా ఐదేళ్లప్పుడే తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోతారు, గమనించారా? ఇద్దరికీ ఐదో ఏటనే బాల్యం అయిపోయింది.

రాయడంలో మెళకువలు మాత్రం తండ్రే నేర్పారని సూ ఎప్పుడూ చెప్పేవారు. ‘ఏ’ అచ్చయి రావడానికి కొద్ది నెలల ముందు, 1982లోనే ఆయన పోయారు. కూతురి పేరున్న ఆ మొదటి డిటెక్టివ్ పుస్తకాన్ని ఆయన చేత్తో పట్టుకోలేదు. ఇది తెలిసిన దగ్గర్నుంచి ఆ పుస్తకం తీసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మాటల_పని
ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను సీరియళ్లకు మాటలు రాస్తాను, పదకొండేళ్లుగా. టీవీ హక్కుల గురించి నాకు చెప్పాలని ఉంది.

గ్రాఫ్టన్ సినిమాను ద్వేషించడం తెలియనితనం వల్ల వచ్చింది కాదు. ‘ఏ’కి ముందు ఆవిడ ఏడు నవలలు రాశారు. అందులో అచ్చయినవి రెండే, 1967లో ఒకటి, 1969లో ఒకటి. కడుపు నింపుకోవడానికి ఆస్పత్రిలో అడ్మిషన్ గుమాస్తాగా, కేషియర్‌గా, డాక్టరు దగ్గర సెక్రటరీగా పనిచేశారు. రెండో నవల 1973లో సినిమా అయింది. ఆ తలుపు తెరుచుకోవడంతో హాలీవుడ్‌లో దాదాపు 15 ఏళ్లు టీవీకి రాశారు. భర్త స్టీవెన్ హంఫ్రీతో కలిసి అగాథా క్రిస్టీ కథల్ని కూడా టీవీ సినిమాలుగా మలిచారు. అంటే లోపల కూర్చుని చూసిన మనిషి. కమిటీ కూర్చుని ఒకరు ఈ సీన్ తీసెయ్యమంటారు, ఇంకొకరు హీరోయిన్ ఇలా మాట్లాడకూడదంటారు. ఆఖరికి తెర మీద మన పేరు ఉంటుంది, మన మాట ఉండదు.

ఓ ఛానల్లో నాకు జరిగింది చెబుతాను. భర్త చనిపోయిన ఒకావిడ మిషన్ కుట్టి పిల్లల్ని చదివించే కథ రాశాను. నలభై ఎపిసోడ్లు నా కథే. తర్వాత రేటింగ్ మీటింగ్‌లో ఆవిడకి ఒక అక్క కావాలి, ఆ అక్క విషం పెట్టాలి అన్నారు. రాయనన్నాను. వేరేవాళ్ల చేత రాయించారు, టైటిల్స్‌లో నా పేరు అలాగే ఉంచారు. మా ఊళ్లో మా పిన్ని ఫోన్ చేసి, ఏంట్రా అలా రాశావు అంది. ఆ ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సహించలేదు.

అందుకని గ్రాఫ్టన్ కిన్సీని ఎందుకు అలా గుండెలకు హత్తుకున్నారో నాకు అర్థమవుతుంది. పిల్లల చేత రక్తం మీద ప్రమాణం చేయించానని, అమ్మితే సమాధిలోంచి లేచి వస్తానని అనేవారు. ఆవిడ నవ్వుతూ అన్నా అది నవ్వులాట మాట కాదు. పదిహేనేళ్లు ఇంకొకరి చేతుల్లో తన మాటలు చెడిపోవడం చూసిన మనిషి, మొదటిసారి పూర్తిగా తనదైన మనిషిని తయారుచేసుకుంది. ఆ ఒక్కదాన్ని కాపాడుకుంది.

గోదారి_వకీలు
ఆదివారం, సాయంత్రం 5:25

చట్టం వైపు నుంచి క్లుప్తంగా. రచయిత పోయాక కాపీరైట్ ఆస్తిలాగే వారసులకు వస్తుంది. అమెరికాలో ఇలాంటి పుస్తకాలకు రచయిత పోయాక 70 ఏళ్లు, అంటే 2087 ఆఖరు దాకా. మన దగ్గర 60 ఏళ్లు. బతికుండగా ‘అమ్మొద్దు’ అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా, ఇంటర్వ్యూలో చెప్పినా, అది కోరిక అవుతుంది కానీ వారసుల చేతులు కట్టేసే షరతు కాదు. కట్టేయాలనుకుంటే ట్రస్టు లాంటి ఏర్పాటు పకడ్బందీగా రాసుకోవాలి. కాబట్టి అమ్మకం చెల్లుతుందా అనే ప్రశ్న కంటే, ఇచ్చిన మాటేమైందనే ప్రశ్నే ఇక్కడ పెద్దది. దానికి కోర్టులో జవాబు దొరకదు.

భర్త హంఫ్రీ వైపు వాదన కూడా చెప్పాలి. ఆవిడ వద్దన్న రోజుల్లో టీవీ వేరు, ఇప్పటి టీవీ వేరు, నాణ్యత పెరిగింది అన్నది ఆయన మాట. నలభై ఏళ్లు ఆవిడతో కాపురం చేసిన మనిషి. మనకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

బందరు_బుల్లోడు
ఆదివారం, సాయంత్రం 6:40

నేను అమ్మడమే మంచిదంటాను. మా అమ్మకి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఎప్పుడూ అద్దెకు తెచ్చిన పాకెట్ నవల ఒకటి ఉండేది. ఇంగ్లీషు చదవలేదు. కిన్సీని ఆమెకు పరిచయం చేయాలంటే తెర తప్ప నాకు దారేది? సీరీస్ వచ్చి, తెలుగు డబ్బింగ్ ఉంటే అమ్మ చూస్తుంది. రచయిత కోరిక గొప్పదే, కానీ చదవలేనివాళ్లకు కూడా ఆ కథ మీద ఎంతోకొంత హక్కు ఉండదా?

మాటల_పని
ఆదివారం, రాత్రి 7:30

మీ అమ్మగారి మాట తోసేయలేను. దానికి జవాబు అనువాదం అని నా ఉద్దేశం. అనువాదకుడు మాట మారుస్తాడు కానీ మనిషిని మార్చడు. కిన్సీ ఆలోచన మొత్తం ‘నేను’ అని ఆమె గొంతులోనే నడుస్తుంది. కెమెరా ఆ గొంతును ఎక్కడ పెడుతుంది?

అచ్చుతప్పు
ఆదివారం, రాత్రి 8:05

అనువాదం అన్నారు కాబట్టి: పేర్ల దగ్గరే చిక్కు. ‘అ అంటే అలిబీ’ చక్కగా కుదిరిపోతుంది. ఆ తర్వాత రెండో పుస్తకం పేరులోని ‘బర్గ్‌లర్’ని, అంటే దొంగని, ‘ఆ’తో ఎలా తెస్తాం? పలకా బలపం పట్టిన రోజుల్లో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని నేర్చుకున్నవాళ్లం. ఆ లయ తెలిసిన చెవికి ఈ పేర్లలో ఉన్న భయం వెంటనే అందుతుంది. పసిపిల్లల పాఠం పక్కన శవం. గ్రాఫ్టన్‌కి ఈ ఆలోచన తట్టింది కూడా ఎడ్వర్డ్ గోరీ గీసిన ఒక బొమ్మల అక్షరమాల చూసే. అందులో అక్షరానికో పసివాడు చనిపోతాడు.

డాలస్_నుంచి
సోమవారం, ఉదయం 6:15

‘టి ఈజ్ ఫర్ ట్రెస్‌పాస్’ గురించి ఎవరూ రాయలేదు. 2007లో వచ్చింది. ఆవిడ రాసినవాటిలో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

కిన్సీ పక్కింట్లో గస్ అని ఒంటరి ముసలాయన. పడి భుజం దెబ్బతింటుంది. దూరంగా ఉన్న బంధువు ఒక నర్సును కుదురుస్తుంది. ఆ నర్సు వేరే ఎవరిదో పేరు, ఎవరివో సర్టిఫికెట్లు పెట్టుకుని వచ్చింది. మనకు ఇది మొదట్లోనే తెలుసు, ఎందుకంటే కొన్ని అధ్యాయాలు ఆమె వైపు నుంచే నడుస్తాయి. మందులు, తలుపు గొళ్లెం, బ్యాంకు పుస్తకం ఒక్కొక్కటే ఆమె చేతిలోకి పోతుంటాయి. ముసలాయన చెప్పేది ఎవరూ నమ్మరు. వయసైపోయింది, మతి తప్పింది అంటారు.

మా నాన్న గుంటూరులో ఒక్కరే ఉంటారు. ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాం. ఆ అబ్బాయి మంచివాడే. అయినా ఈ పుస్తకం చదివాక నేను వీడియో కాల్‌లో నాన్న వెనకాల గోడ, టేబుల్ మీద మందుల డబ్బా, ఆయన చొక్కా గుండీలు చూడటం మొదలుపెట్టాను. ‘బాగానే ఉన్నానమ్మా’ అన్న మాట ఒక్కటే వినడం మానేశాను. పక్కింటి ఆంటీతో వారానికోసారి విడిగా మాట్లాడుతున్నాను. నవల నాకు చేసిన మేలు ఇది.

శాంటా_తెరీసా
సోమవారం, ఉదయం 9:50

నా పేరు చూస్తేనే తెలిసిపోయి ఉంటుంది. కిన్సీ ఊరు శాంటా తెరీసా మ్యాపులో ఉండదు. అది కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా. ఆ ఊరికి ఆ మారుపేరు పెట్టింది అక్కడే నివసించిన డిటెక్టివ్ నవలా రచయిత రాస్ మక్డోనల్డ్. ఆయన మీద గౌరవంతో గ్రాఫ్టన్ అదే తీసుకున్నారు. లాస్ ఏంజిలస్ నుంచి కారులో రెండు గంటలు. 1925 భూకంపం తర్వాత స్పానిష్ పద్ధతిలో మళ్లీ కట్టిన ఊరు, ఎటు చూసినా తెల్లగోడలు, ఎర్ర పెంకులు. పోయిన ఏడు పొద్దున్నే ఆరింటికి బీచ్ పక్క దారిలో నడిచాను. కిన్సీ రోజూ మూడు మైళ్లు పరిగెత్తే దారి అదే. మంచు పట్టి సముద్రం కనబడటం లేదు, ఈతచెట్ల లాంటి పొడుగాటి చెట్ల తలలు మాత్రం తేలుతున్నాయి. ఏదో పుస్తకంలోకి నడిచి వెళ్లినట్టే ఉంది.

‘క్యూ ఈజ్ ఫర్ క్వారీ’ గురించి కూడా చెప్పాలి. అది నిజంగా జరిగిన కేసు మీద అల్లింది. 1969లో ఆ జిల్లాలోని లోంపోక్ దగ్గర క్వారీ పక్కన పేరు తెలియని ఒక యువతి శవం దొరికింది. ఎవరో తేలలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఓ విందులో ఆ సంగతి విన్న గ్రాఫ్టన్ అక్కడితో వదల్లేదు. శవాన్ని మళ్లీ తవ్వి తీయడానికి, పుర్రె ఆధారంగా ముఖం తయారు చేయించడానికి తనే డబ్బు పెట్టుకున్నారు. ఆ ముఖం ఫొటోలు పుస్తకంలో వేశారు, చదివినవాళ్లలో ఎవరైనా గుర్తుపడతారేమోనని. కథ కోసం ఒక చావును వాడుకుని పక్కకు తప్పుకోలేదు. ఆ ఫొటో దగ్గర నేను చాలాసేపు ఆగాను.

బందరు_బుల్లోడు
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఒక మాట ఒప్పుకోవాలి కదండీ. చివరి పుస్తకాలు లావెక్కాయి. ‘డబ్ల్యు’, ‘ఎక్స్’ నాకు సాగదీసినట్టే ఉన్నాయి. కాఫీ కప్పు దగ్గర్నుంచి వర్ణన.

పల్నాటి_పిల్ల
సోమవారం, రాత్రి 9:30

లావెక్కాయి, నిజమే. ‘ఎక్స్’లో నాకూ కొన్ని పేజీలు బరువయ్యాయి. అయితే ఏళ్లు చూడండి. 1985 నుంచి 1996 దాకా ‘బి’ నుంచి ‘ఎం’ వరకు ఏడాదికొకటి ఇచ్చేశారు. తర్వాత ఏడాదిన్నర, రెండేళ్లు తీసుకున్నారు. ఆ నిదానం అలసట వల్ల వచ్చిందని నేను అనుకోను. ‘ఎస్’లో మొదటిసారి కిన్సీ గొంతును దాటి 1953లో ఒక ఊళ్లో మాయమైన ఆడమనిషి చుట్టూ ఉన్నవాళ్ల కళ్లలోంచి కథ చెప్పారు. ‘టి’ అందరికీ తెలుసు. 65 దాటిన వయసులో, అమ్ముడుపోతున్న పద్ధతిని పక్కనపెట్టి కొత్తది పట్టుకోవడానికి ధైర్యం కావాలి. ప్రతి నవలకూ విడిగా ఒక డైరీ రాసుకునేవారట. ఈ సీన్ ఎందుకు కుదరడం లేదు, ఈ మనిషి ఎందుకు అబద్ధం చెబుతోంది అని తనను తనే అడుగుతూ.

ఇంకోటి. బయట 35 ఏళ్లు గడిచాయి, కిన్సీకి ఏడేళ్లే గడిచాయి. 1982లో మొదలై ‘వై’ 1989లో ఆగుతుంది. సెల్‌ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. సమాచారం కావాలంటే కారెక్కి వెళ్లి మనిషి ఎదుట నిలబడాల్సిందే. ఆ ఒక్క నిర్ణయం వల్లనే ఈ పుస్తకాల్లో మనుషులు ఇంతగా కనబడతారు.

రెండు రోజులుగా మీరంతా రాసింది చదివాక నా ప్రశ్నకు నాకే జవాబు దొరికింది. ‘జెడ్’ ఎవరూ రాయకూడదు. రాసినా నేను చదవను. సీరీస్ వస్తే కూడా చూడను. బందరు_బుల్లోడు గారి అమ్మగారు చూడాలనుకుంటే మాత్రం తప్పు పట్టను. నాకు మటుకు కిన్సీ ముఖం ఇప్పటికే ఉంది, దాని మీద ఇంకొకరి ముఖం పడటం ఇష్టం లేదు.

కొత్త_పేజీ
సోమవారం, రాత్రి 10:05

అక్కా, నిన్న ఆబిడ్స్ వెళ్లాను. మూడు బండ్లు తిరిగితే ‘జి ఈజ్ ఫర్ గంషూ’ ఒక్కటే దొరికింది, నలభై రూపాయలు. ‘ఏ’ ఎక్కడా లేదు. ‘జి’ నుంచి మొదలెట్టొచ్చా, లేక ఆగనా?

పల్నాటి_పిల్ల
సోమవారం, రాత్రి 10:12

ఆగు తమ్ముడూ. నా దగ్గర ‘ఏ’ రెండు కాపీలున్నాయి. అడ్రస్ మెసేజ్ పెట్టు, రేపు పోస్టులో వేస్తాను.